చలికాలం ముందస్తు అంచనాలు: ఎడిసన్‌లో ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఆగస్టు దాటిందంటే చాలు, న్యూజెర్సీలో మంచు పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఒకటే మాట: ఈసారి ఎన్ని అంగుళాలు? పసిఫిక్‌లో నీళ్లు ఎంత చల్లబడ్డాయి, సైబీరియాలో మంచు ఎంతవరకు పరుచుకుంది, ఏ కంప్యూటర్ మోడల్ ఏమంటోంది అని లెక్కలు మొదలవుతాయి. నేనూ ఆ బాపతే. 2009లో ఎడిసన్ వచ్చాను. ఆ మొదటి చలికాలంలోనే మోకాళ్ల లోతు మంచు చూశాక, అప్పటి నుంచి ప్రతి ఏటా ఈ అంచనాలన్నీ చదివి, మార్చి చివర్లో అసలు లెక్కతో పోల్చి చూసుకోవడం అలవాటైంది. కొత్తగా ఇటు వచ్చిన మనవాళ్లు "అన్నా, ఈసారి మంచు బాగా పడుతుందంటావా? స్నో బ్లోయర్ (మంచు ఎత్తిపోసే యంత్రం) కొనమంటావా?" అని అడుగుతుంటారు కాబట్టి, ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో రాస్తున్నాను.

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది నోవా (అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ) వాళ్ల క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ అక్టోబర్ మధ్యలో ఇచ్చే చలికాలపు అంచనా. చాలామందికి అది చప్పగా అనిపిస్తుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మొత్తం మీద మామూలు కంటే వెచ్చగా ఉంటుందా, చల్లగా ఉంటుందా, వాన మంచు కలిపి తడి ఎక్కువా తక్కువా అన్నది మాత్రమే చెబుతుంది. అదీ శాతాల్లో. అంగుళాల ఊసే ఉండదు. మంచు ఎంత పడుతుందన్నది వారం కంటే ముందు చెప్పలేమని వాళ్లే స్పష్టంగా రాస్తారు. ఆ మ్యాప్ చదవడంలో ఒక కిటుకుంది. వెచ్చదనం, మామూలు, చలి, ఈ మూడింటికీ మొదట తలా 33 శాతం. మన ప్రాంతం మీద '40 శాతం వెచ్చదనం' అని రంగు వేశారంటే, మిగతా 60 శాతం ఇంకా బతికే ఉందని అర్థం. తెల్లగా వదిలేశారంటే ఎటైనా జరగొచ్చని. దీన్ని దీనిలాగే చదివితే నిరాశ ఉండదు.

పనితీరు విషయానికొస్తే, 2022 అక్టోబర్‌లో తూర్పు తీరానికి వెచ్చదనం వైపే మొగ్గు చూపించారు. ఆ ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో సీజన్ మొత్తానికి పడింది 2.3 అంగుళాలు. 1869 నుంచి ఉన్న రికార్డులో అంత తక్కువ ఎప్పుడూ లేదు. మరుసటి ఏడాది కూడా ఉత్తరాది రాష్ట్రాలకు వెచ్చదనమే అన్నారు. కానీ మావాళ్లు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. గట్టి ఎల్ నినో (పసిఫిక్ నీళ్లు మామూలు కంటే వేడెక్కడం) వస్తోంది, మంచు బాగా పడ్డ 2009-10 మళ్లీ చూస్తాం అని ఊగిపోయారు. తీరా చూస్తే అమెరికా ప్రధాన భూభాగానికి అదే రికార్డుల్లోకెల్లా వెచ్చని చలికాలం అయింది, సెంట్రల్ పార్క్‌లో 7.5 అంగుళాలతో సరి. ఉష్ణోగ్రత విషయంలో ఈ అంచనాకు నా దగ్గర మంచి మార్కులే ఉన్నాయి.

ఎల్ నినో, దానికి తిరగబడ్డ లా నినా (అదే నీళ్లు చల్లబడడం) పేరు వినగానే మంచు లెక్క కట్టేయడం మాత్రం నేను ఎవరికీ సిఫార్సు చేయను. సెంట్రల్ పార్క్ లెక్కలే చూడండి. 2010-11 లా నినా, 61.9 అంగుళాలు. 2022-23 కూడా లా నినాయే, పైన చెప్పిన 2.3. అక్కడ ఇప్పటికీ రికార్డుగా ఉన్న 1995-96లో 75.6 అంగుళాలు పడ్డాయి, అదీ లా నినా ఏడాదే. ఎల్ నినో వైపు వస్తే 2009-10లో 51.4, 2023-24లో 7.5. పసిఫిక్ నీళ్లు తుపానులు ఏ దారిన వస్తాయో కొంతవరకు చెబుతాయి. ఆ తుపాను వచ్చే వేళకి మన దగ్గర చలిగాలి ఉందా లేదా అన్నది తేల్చేది ఇంకొకటి: గ్రీన్‌లాండ్ మీద అధిక పీడనం వచ్చి కూర్చోవడం. అది అడ్డం పడితే ఉత్తరం నుంచి చలి మన మీదే నిలబడుతుంది, తీరం వెంట వచ్చే తుపాను సముద్రంలోకి జారిపోకుండా నెమ్మదిస్తుంది. 2010 ఫిబ్రవరిలో ఆర్కిటిక్ ఆసిలేషన్ సూచీ (ఎంత మైనస్‌లోకి పోతే ధ్రువం చలి అంత కిందికి జారుతుందని చెప్పే లెక్క) మైనస్ 4 కంటే కిందికి పడిపోయింది. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో 78.7 అంగుళాలు పడ్డాయంటే సగం కారణం అదే. ఇంతా చేసి ఆ అడ్డుకట్ట పడుతుందో లేదో అక్టోబర్‌లో ఎవరికీ తెలియదు. రెండు, మూడు వారాల ముందు తెలిస్తే అదృష్టం.

పైగా ఒక్క తుపాను సీజన్ మొత్తం లెక్కను మార్చేస్తుంది. 2015 డిసెంబర్‌లో చొక్కా మీద తిరిగాం. ఆ వెంటనే 2016 జనవరి 22 నుంచి 24 మధ్య వచ్చిన ఒక్క తుపాను సెంట్రల్ పార్క్‌లో 27.5 అంగుళాలు కురిపించింది. ఆ సీజన్ మొత్తం 32.8. ఇలాంటి చలికాలాన్ని ఏ సీజనల్ అంచనా పట్టగలదు?

అందులోనూ ఎడిసన్ సరిగ్గా వాన, మంచు విడిపోయే గీత మీద ఉంటుంది. పెరట్లో తెల్లరంగు వేసిన ప్లైవుడ్ పలక ఒకటి పెట్టుకున్నాను, మంచు కొలవడానికి. ఆరు గంటలకోసారి స్కేలు గుచ్చి చూసి, పలక తుడిచేసి మళ్లీ పెట్టాలి. ఎన్నోసార్లు వీధి దీపం వెలుగులో పెద్ద పెద్ద రేకులు పడుతుంటే చూస్తూ ఉంటాను, ఇంతలో కిటికీ అద్దం మీద టపటపా చప్పుడు. పైన ఎక్కడో వెచ్చని గాలి చొరబడిందన్నమాట, మంచు కాస్తా మంచుగుళ్లయింది. తెల్లారేసరికి పలక మీద మూడు అంగుళాలు, అదీ రాయిలా గట్టిపడి. మోరిస్‌టౌన్ వైపు ఉన్న స్నేహితుడు ఎనిమిది అంటాడు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం, ఒకే తుపాను.

సైబీరియా మంచు గురించి వాతావరణ శాస్త్రవేత్త జూడా కోహెన్ చెప్పే సిద్ధాంతాన్ని ఇష్టంగా చదువుతాను. అక్టోబర్‌లో అక్కడ మంచు త్వరగా పరుచుకుంటే, జనవరికి ధ్రువం మీద సుడిగాలి (పోలార్ వోర్టెక్స్) బలహీనపడి చలి దక్షిణానికి జారే అవకాశం పెరుగుతుందంటాడు. అక్టోబర్ లెక్కగా నాకు అంతగా కలిసిరాలేదు. కానీ డిసెంబర్ తర్వాత ఆయన పోలార్ వోర్టెక్స్ విశ్లేషణలు నిజంగా విలువైనవి. 2021 జనవరి మొదట్లో ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్ (వాతావరణంలో పై పొర) ఒక్కసారిగా వేడెక్కింది, ఆ సుడిగాలిని బలహీనపరిచేది అదే. ఫిబ్రవరి ఒకటి, రెండు తేదీల్లో న్యూజెర్సీ ఉత్తర భాగంలో కొన్నిచోట్ల మంచు రెండడుగులు దాటింది. అలాంటి కబురు తెలిస్తే నేను మంచు కరిగించే ఉప్పు బస్తా ముందే తెచ్చుకుంటాను.

1792లో మొదలైన ఓల్డ్ ఫార్మర్స్ అల్మానాక్, 1818లో మొదలైన ఫార్మర్స్ అల్మానాక్ అనే రెండు పంచాంగాల గురించి ఎక్కువ చెప్పను. ఫలానా వారంలో మంచు తుపాను అని ఏడాది ముందే అచ్చేస్తూ వచ్చారు. ప్లానింగ్‌కి వాడొద్దు.

నాకు నిజంగా కోపం తెప్పించేవి పది, పదిహేను రోజుల ముందు చూపించే మంచు మ్యాప్‌లు. నోవా వాళ్ల జీఎఫ్‌ఎస్ అనే కంప్యూటర్ మోడల్ రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది, 16 రోజుల దాకా చూపిస్తుంది. రాత్రి పదిన్నరకి 20 అంగుళాలు, పొద్దున లేచేసరికి సున్నా. పైగా చాలా మ్యాప్‌లు మంచుగుళ్లని కూడా మంచు కింద లెక్కేస్తాయి. నెలనెలా డబ్బు తీసుకునే ఒక యాప్ ఇవే మ్యాప్‌లకి రంగులద్ది పంపి మా వీధి వీధినంతా టెన్షన్ పెట్టింది, నేను మానేశాను. ఒక్క రోజు ముందు కూడా తప్పొచ్చని 2015 జనవరి 26న చూశాం. రెండడుగులు అన్నారు, సబ్‌వే ఆపేశారు, సెంట్రల్ పార్క్‌లో 9.8 పడింది. తుపాను కాస్త తూర్పుకి జరిగింది, అంతే. బోస్టన్‌లో మాత్రం రెండడుగులు దాటింది. న్యూజెర్సీకి సూచన ఇచ్చిన అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇక స్నో బ్లోయర్ సంగతి. సెంట్రల్ పార్క్ ముప్పై ఏళ్ల సగటు 29.8 అంగుళాలు. మీ డ్రైవ్‌వే పొడుగ్గా ఉండి, నడుం నొప్పి ఉంటే కొనండి, అంచనా ఏదైనా సరే. రెండు కార్ల చోటే అయితే మంచి పార, ఉప్పు థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్ చివర్లో వచ్చే పండగ) లోపు తెచ్చుకుంటే చాలు, తుపాను ముందు రోజు షాపులో దొరకవు. జనవరిలో హైదరాబాద్ టికెట్ బుక్ చేసేవాళ్లు సీజనల్ అంచనా చూసి తేదీలు మార్చుకోవద్దు. పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్తుంటే రెండు రోజులు ముందు చేరేలా పెట్టుకోండి. నోవా అంచనాకి నేను ఐదుకి నాలుగు ఇస్తాను, డిసెంబర్ తర్వాతి పోలార్ వోర్టెక్స్ విశ్లేషణలకి మూడున్నర, పదిహేను రోజుల మంచు మ్యాప్‌లకి ఒకటి.