నల్లగొండలో పాత బీఎండబ్ల్యూ 320డీ: ఏళ్ల తరబడి నడిపాక నా సమీక్ష

నా దగ్గరున్నది 2009 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ. కంపెనీ లెక్కలో ఈ90 అంటారు. జర్మన్ బండే అయినా బిగించింది చెన్నైలో. 2007లో అక్కడ ప్లాంటు మొదలైంది. రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్, 177 హార్స్ పవర్, ఆరు గేర్ల ఆటోమేటిక్. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పాత ఏపీ 09 నంబరు. అప్పటి నుంచి రోజూ తిరిగేది దీంట్లోనే. "నల్లగొండలో ఉండి ఈ కారేంది? పాడైతే ఎవరు చూస్తరు?" అని అడగని చుట్టం లేడు. ఇన్నేళ్లు నడిపాక నేను చెప్పగలిగేది ఇది: పనుల్లో ఎక్కువ భాగం ఇక్కడి షెడ్డులోనే అయిపోతాయి. అయితే ఏ పార్ట్ కావాలి, ఏ ఆయిల్ పోయాలి, బోల్టు ఎంత బిగించాలి అన్నది ఓనరే తెలుసుకుని ముందు పెట్టాలి. ఆ ఓపిక ఉంటే ఈ బండి నల్లగొండలో నిక్షేపంగా బతుకుతుంది.

మా మెకానిక్ అన్న షెడ్డు దేవరకొండ రోడ్డు వైపు. ఎక్కువగా బొలెరోలు, ట్రాక్టర్లు చూస్తాడు. మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు నేను కొంచెం టెన్షన్ పడ్డాను. ఆయన మాత్రం తాపీగా, "బోల్టు యాడైనా బోల్టే గద సార్. ఎంత బిగియాలో చెప్పుండ్రి, నేను బిగిస్త" అన్నాడు. ఆ వారమే టార్క్ రెంచ్, అంటే బోల్టు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, కొన్నాను. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు 25 న్యూటన్ మీటర్లు, వీల్ బోల్టుకు 120. ఇలాంటి అంకెలు ఆయన షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టుకున్నాడు. పెద్ద వర్క్‌షాపుల్లో కూడా అంత శ్రద్ధ నాకు కనబడలేదు.

ఈ జిల్లాలో ఇలాంటి కారుకు మొదటి శత్రువు నీళ్లే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇంజిన్‌కు వచ్చే నష్టం మాత్రం నీళ్లలోని ఉప్పుల వల్ల. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయని బోర్ నీళ్లు పోయడం ఇక్కడ అందరికీ అలవాటు. ఈ ఇంజిన్ బ్లాకు అల్యూమినియం, రేడియేటర్ గొట్టాలు సన్నం. బోర్ నీళ్లు పోస్తూ పోతే లోపల తెల్లగా పొర కడుతుంది, ఇంజిన్ వేడి బయటికి పోదు. నేను కొన్నప్పుడు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (రేడియేటర్ నీళ్లు పోసే డబ్బా) మూతకు ఆ తెల్ల పొడి అంటుకుని ఉంది. మొత్తం దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, కంపెనీ చెప్పిన నీలం రంగు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయించాను. ఇప్పుడు కలిపిన కూలెంట్ ఒక లీటరు డబ్బాలో డిక్కీలోనే ఉంటుంది. ఎవరైనా మంచి మనసుతో బాటిల్ నీళ్లు పోయబోయినా ఆపుతాను.

దీనికి ఇంకో ఇబ్బంది తోడవుతుంది. ఈ మోడల్ మీటర్‌లో కూలెంట్ టెంపరేచర్ ముల్లు లేదు. బాగా వేడెక్కాకే వార్నింగ్ వస్తుంది. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం 44 డిగ్రీలు మామూలు. అలాంటప్పుడు వార్నింగ్ వచ్చే దాకా ఆగలేం. స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ పరికరం పెట్టి ఫోన్‌లో టెంపరేచర్ చూస్తుంటాను. ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ పాడైంది కూడా దాంతోనే తెలిసింది. అది తెరుచుకునే ఉండిపోయింది కాబట్టి బండి వేడెక్కలేదు. చలికాలం పొద్దున నార్కట్‌పల్లి దాటి హైవే మీద పోతుంటే 70 దగ్గరే ఆగిపోయేది, మైలేజీ పడిపోయింది. థర్మోస్టాట్ కొత్తది వేశాం.

ఇక అసలు భయం. ఈ ఎన్47 ఇంజిన్ పేరు చెప్పగానే తెలిసినవాళ్లు అడిగేది వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా నడిపే టైమింగ్ చైన్ గురించే. చైన్లు ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. 2007 నుంచి 2011 దాకా వచ్చిన బండ్లలో అవి అరిగి తెగిన కేసులు దేశదేశాల్లో ఉన్నాయి. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ పోతుంది. ఫలానా కిలోమీటర్లకు మార్చాలని కంపెనీ షెడ్యూల్‌లో ఎక్కడా లేదు, చెవితో కనిపెట్టాల్సిందే.

నా బండి ఒకరోజు స్టార్ట్ చేయగానే గరగరమని మోగింది. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే పది నిమిషాలు చూసి, చైన్ పోయింది, ఇంజిన్ దింపాలి అని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. చప్పుడు ముందు నుంచా, వెనక నుంచా అని అడిగితే సరైన జవాబు లేదు. బండి తిరిగి తెచ్చేశాను. మా మెకానిక్ అన్న ఇంజిన్ ముందు వైపున్న బెల్టు తీసేసి, కొద్ది సెకన్ల పాటే ఇంజిన్ తిప్పాడు. చప్పుడు లేదు. అంటే సమస్య ముందు వైపే. ఆ బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ విప్పి చూస్తే దాని మధ్య రబ్బరు చీలి ఉంది. ఈ డీజిల్ ఇంజిన్లలో వయసు మీద ఆ రబ్బరు చీలడం మామూలే. పుల్లీ, దాని బోల్టులు, బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కొత్తవి వేశాం. ఆ వర్క్‌షాపు చెప్పిన దాంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఈ కారు ఉన్నవాళ్లు ఇంజిన్ దింపడానికి ఒప్పుకునే ముందు ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేయించండి.

అయినా చైన్ సంగతి వదలలేదు. తర్వాత గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ కారడం మొదలైనప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి చైన్లు, వాటిని దారిలో ఉంచే గైడ్లు, టెన్షనర్లు, వెనక క్రాంక్ సీల్ అన్నీ ఆ దెబ్బతోనే మార్పించాను. ఈ ఒక్క పని మాత్రం హైదరాబాద్‌లో, ఈ ఇంజిన్ల మీదే పనిచేసే వేరే షెడ్డులో చేయించాను. టైమింగ్ లాక్ చేసే ప్రత్యేక పనిముట్లు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. మా మెకానిక్ అన్నే ఆ మాట అన్నాడు. విప్పి చూస్తే పాత గైడు ప్లాస్టిక్ అంచులు పెళుసుబారి ఉన్నాయి. ఆ డబ్బు పెట్టినందుకు నాకు ఏ బాధా లేదు. చైన్ ఎక్కువకాలం ఉండాలంటే ఆయిల్ తాజాగా ఉండాలి. కారు కంప్యూటర్ 20 వేల కిలోమీటర్లకు పైనే గడువు చూపిస్తుంది, నేను 8 వేలకే మారుస్తాను. బీఎండబ్ల్యూ ఎల్ఎల్-04 రేటింగ్ ఉన్న 5డబ్ల్యూ-30 ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి 5.2 లీటర్లు పడుతుంది.

గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ వాళ్లది. అందులో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీ అంటుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను తయారుచేసినవాళ్ల మాటే విన్నాను. కింది పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దానిలోనే కలిసి వస్తుంది, మొత్తం కొత్తది వేయాలి. లెవెల్ చూసేటప్పుడు ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండాలి, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, బండి సమంగా ఉండాలి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం మొదలుపెడితే పని పూర్తయ్యేలోపే 50 దాటిపోతుంది. అందుకే తెల్లవారుజామున, బండి రాత్రంతా ఆగి ఉన్నాక చేయించాం. మార్చాక రెండు, మూడు గేర్ల మధ్య ఉన్న కుదుపు పోయింది.

ముందు చక్రాల బుష్‌లు కూడా చెప్పుకోవాలి. 80, 90 స్పీడులో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణికేది. డిస్కులు వంకర పోయాయని ఇద్దరు చెప్పారు. అసలు కారణం ముందు చక్రాన్ని పట్టి ఉంచే టెన్షన్ స్ట్రట్ అనే కడ్డీలోని రబ్బరు బుష్. దాని లోపల ద్రవం ఉంటుంది, రబ్బరు చిట్లి కారిపోయింది. పాత బుష్‌లు కొట్టి తీసి, కొత్తవి ప్రెస్ చేసింది మన ఊరి లేత్ షాపతనే, గుర్తు సరిగ్గా ఏ వైపు రావాలో చూసుకుని మరీ. చివరి బోల్టులు మాత్రం బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. ఆ పని అయ్యాక చిట్యాల నుంచి చౌటుప్పల్ దాకా హైవే మీద ఈ బండి నడుపుతుంటే అసలు దీన్ని ఎందుకు ఉంచుకున్నానో అర్థమవుతుంది. ముందు వెనకల బరువు దాదాపు సగం సగం, తోసేది వెనక చక్రాలు. స్టీరింగ్ చేతికి రోడ్డు చెప్తూనే ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త కార్లలో ఆ సుఖం నాకు దొరకలేదు.

రన్‌ఫ్లాట్ టైర్లు నేను తీసేశాను. గాలి లేకుండా 80 కిలోమీటర్లు పోవచ్చన్నది నిజమే, కానీ గోడలు గట్టిగా ఉండి ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లకు నడుం పోతుంది. పైగా వాటిని రిమ్ము నుంచి తీసే మిషన్ మన దగ్గరి పంక్చర్ షాపుల్లో ఉండదు. ఇప్పుడు మామూలు టైర్లు, డిక్కీలో గాలి పంపు, పంక్చర్ కిట్.

బ్యాటరీ ఏ షాపులోనైనా దొరుకుతుంది, మార్చాక స్కానర్‌తో కారుకు ఆ సంగతి చెప్పాలి. లేదంటే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. ఆ స్కానర్ కేబుల్ నా దగ్గరే ఉంది.

పార్టులకు ఛాసిస్ నంబరులోని చివరి ఏడు అక్షరాలతో పార్ట్ నంబరు వెతికి, ఆ నంబరే చెప్తాను. ఫిల్టర్లు, బుష్‌లు, సీళ్ల విషయంలో మాన్, మాలే, లెమ్‌ఫోర్డర్, కోర్టెకో లాంటి పేర్లు చూసి తీసుకుంటాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో చాలావరకు దొరుకుతాయి, లేనివి ఆర్డర్ మీద వస్తాయి. సెన్సర్లు మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు.

2024లో పదిహేనేళ్లు నిండాయి. ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను, గ్రీన్ ట్యాక్స్ కట్టాను. బండి చక్కగా ఉంటే ఆర్‌టీఏ ఆఫీసులో పెద్ద తిప్పలేమీ లేవు.

ఇప్పుడు మిగిలిన పని వెనక డోరు అద్దం రెగ్యులేటర్. పార్టు వచ్చేసింది. వరి కోతల టైమ్ కాబట్టి షెడ్డు నిండా ట్రాక్టర్లు, కోత మిషన్లే ఉన్నాయి. రైతుల బండ్లు ముందు పోవాలి. ఈలోగా దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ నేనే మార్చుకున్నాను. కల్లాల కాలంలో ఈ రెండూ మామూలు గడువులో సగానికే నిండిపోతాయి. ఈ వైపు పాత కారు కొనేవాళ్లు మొట్టమొదట అవే తీసి చూడండి.