బెన్‌హర్ (1959): రథాల పందెం ఒక్కటే చూసి లేచిపోకండి

విలియం వైలర్ దర్శకత్వంలో 1959లో వచ్చిన ‘బెన్‌హర్’ ప్రస్తావన తెస్తే ఎవరి నోటైనా మొదట వచ్చేది రథాల పందెం, ఆ వెంటనే వచ్చేది నిడివి. దాదాపు మూడున్నర గంటల చిత్రం ఇది. తిన్నగా పందెం దగ్గరికి జరిపి చూస్తే చాలునని, తక్కినదంతా సాగదీత అని కొత్తగా చూసినవారు అంటారు. అలాంటి సినిమా మళ్ళీ రాదని పాతతరం ప్రేక్షకులు అంటారు. ఈ మధ్య దీన్ని మూడోసారి, విరామంతో సహా ఒకే సాయంత్రం కూర్చుని చూశాక, ఈ రెండు మాటల్లో దేనితోనూ నేను పూర్తిగా ఏకీభవించలేకపోయాను.

సాగదీత అని చాలామంది తీసిపారేసే మొదటి గంటలోనే, నా దృష్టిలో, చిత్రంలోని అత్యుత్తమ ఘట్టం ఒకటి ఉంది. యెరూషలేములోని సంపన్న యూదు కుటుంబీకుడు జూడా బెన్‌హర్, రోమన్ సైనికాధికారి మెస్సాలా చిన్ననాటి స్నేహితులు. కొత్త గవర్నరు ఊరేగింపుగా వెళుతుండగా, మేడ మీద నుంచి చూస్తున్న జూడా చెల్లెలి చేయి తగిలి కప్పు పెంకులు జారి అతని ముందు పడతాయి. మెస్సాలా మేడెక్కి ఆ చోటు పరీక్షిస్తాడు. అతని చేతి కింద మరో పెంకు కదిలి జారిపోతుంది. జరిగింది ప్రమాదమేనని అతనికి ఆ క్షణంలో అర్థమవుతుంది, ప్రేక్షకులకూ అర్థమవుతుంది. ఒక్క మాట కూడా లేదు. ఆ తర్వాత కిందికి దిగి, స్నేహితుణ్ణి ఓడలో తెడ్లు వేసే బానిసగానూ, అతని తల్లినీ చెల్లెలినీ చెరసాలకూ పంపించేస్తాడు. ద్వేషంతో చేసిన అన్యాయం కన్నా, నిజం తెలిసి పదవి కోసం చేసిన అన్యాయం ఎంత భయంకరమో ఆ పెంకు ఒక్కటే చెబుతుంది. ఈ సన్నివేశాన్ని దాటవేసి పందెం చూసేవారికి అక్కడ గుర్రాలు తప్ప మరేమీ కనిపించకపోవడంలో వింత లేదు.

ఇంత భారీ చిత్రంలో నన్ను ఆకట్టుకున్నది భారీతనం కాదు, ఎక్కడ ఆగాలో వైలర్‌కు తెలిసి ఉండడం. క్రీస్తు జన్మ ఘట్టంతో మొదలవుతుంది కాబట్టి, ఆరంభంలో వచ్చే నిర్మాణ సంస్థ ఎంజీఎం గుర్తయిన సింహం గర్జించకుండా ఊరుకుంటుంది. క్రీస్తు పాత్రధారి ముఖం చివరిదాకా చూపరు, గొంతు వినిపించరు. ‘కరుణామయుడు’లో విజయచందర్ ముఖాన్నే క్రీస్తు రూపంగా మనసులో నిలుపుకున్న తెలుగు ప్రేక్షకులకు ఇది మొదట వెలితిగా తోచవచ్చు. కాని నజరేతులో దాహంతో కుప్పకూలిన జూడాకు ఒక చేయి నీళ్ళు అందించే సన్నివేశం చూడండి. అడ్డుకోబోయిన రోమన్ సైనికుడు ఆ మనిషి ముఖంలోకి చూసి, తడబడి, వెనక్కి తగ్గుతాడు. మనకు కనిపించేది ఆ సైనికుడి ముఖం మాత్రమే. ఏ నటుడి ముఖం చూపించినా అంత ప్రభావం కలిగేది కాదు.

ఓడ ఘట్టంలో డప్పు లయ పెరిగేకొద్దీ తెడ్లు వేసేవారి ఊపిరి ఆడని స్థితి బాగా పట్టుకున్నారు. సముద్రయుద్ధంలో మాత్రం అవి బొమ్మ ఓడలని ఇట్టే తెలిసిపోతుంది.

ఇక జూడా, మెస్సాలా తలపడే పందెం. రోమ్‌లోని చినెచిట్టా స్టూడియోలో సుమారు 18 ఎకరాల మేర పందెపు మైదానం సెట్ కట్టి, ఈ ఘట్టాన్ని రెండో యూనిట్ దర్శకుడు ఆండ్రూ మార్టన్, స్టంట్ నిపుణుడు యాకిమా కనట్‌లకు అప్పగించారు. 1925 నాటి మూకీ ‘బెన్‌హర్’ పందెం చిత్రీకరణలో సహాయకుల్లో ఒకడిగా పనిచేసిన వైలరే ఈసారి దాన్ని ఇతరుల చేతిలో పెట్టడం గమనించదగ్గ సంగతి. రథాలు బారులు తీరి ప్రదర్శనగా తిరిగేంతవరకు మిక్లోష్ రోజా సంగీతం బూరలతో హోరెత్తుతుంది. పందెం మొదలవగానే అది పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత సుమారు 9 నిమిషాలపాటు వినిపించేవి డెక్కల చప్పుడు, చక్రాల రొద, కొరడా దెబ్బలు, జనం కేకలే. ఈనాటి చిత్రాల్లో ఇలాంటి చోట సంగీతం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. విరిగిన రథం మీదుగా జూడా రథం దూకినప్పుడు మనిషి ముందుకు ఎగిరిపడడం కూడా కల్పన కాదు. జూడా పాత్రధారి చార్ల్‌టన్ హెస్టన్‌కు బదులు రథం తోలిన కనట్ కుమారుడు జో నిజంగానే అలా ఎగిరి, గడ్డానికి గాయంతో బయటపడ్డాడు. ఆ పందెంలో ఒక స్టంట్‌మన్ చనిపోయాడన్న కథ మాత్రం వట్టి పుకారు.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష భజనగా మారుతుంది. హెస్టన్ బిగిసిపోయి నటించాడన్న విమర్శ కొంతవరకు నిజం. కోపం, పంతం అతనికి అమరినట్టు ప్రేమ సన్నివేశాలు అమరలేదు. ఉత్తమ నటుడి ఆస్కార్ అతనికి దక్కగా, మెస్సాలాగా నటించిన స్టీఫెన్ బాయిడ్‌కు నామినేషన్ సైతం రాకపోవడం నాకు మింగుడుపడదు. అరబ్బు షేకుగా వేల్స్ నటుడు హ్యూ గ్రిఫిత్‌ను ముఖానికి రంగు పూసి నిలబెట్టడం ఈనాడు ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆ పాత్రలోని చిలిపితనం నవ్విస్తుంది, ఆ రంగు ఇబ్బంది పెడుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం పందెం తర్వాతి భాగం. పందెంలో నుజ్జయిన కాళ్ళతో, చావబోతూ కూడా, నీ తల్లీ చెల్లెలూ కుష్ఠురోగుల లోయలో ఉన్నారని చెప్పి మెస్సాలా చివరి దెబ్బ తీస్తాడు. అతను పోవడంతో చిత్రంలోని నిప్పు ఆరిపోయింది, ఇంకా ముక్కాలు గంటకు మించిన కథ మిగిలే ఉంది. అంతవరకు చూపించకుండానే నమ్మించిన వైలర్, ఇక్కడ ఉరుములు, మెరుపులు, అద్భుతంతో అన్నీ చూపించి, పగ ఎలా వదిలిందో కూడా జూడా నోటితోనే చెప్పిస్తాడు. 12 నామినేషన్లలో 11 ఆస్కార్లు గెలిచిన ఈ చిత్రానికి దక్కనిది స్క్రీన్‌ప్లే విభాగంలోనిది ఒక్కటే. ఆ ఫలితంలో నాకు అన్యాయమేమీ కనిపించలేదు. సిలువ మోసుకుపోతున్న క్రీస్తుకు జూడా నీళ్ళు ఇవ్వబోయే సన్నివేశాన్ని మాత్రం మినహాయించాలి. ఆనాటి చేతిని అతను గుర్తుపట్టే ఆ క్షణం కోసం నేను ఈ భాగాన్ని కూడా ఓపికగా చూస్తాను.

చూడదలచుకున్నవారు దయచేసి ఫోనులో చూడకండి. ఎత్తుకు దాదాపు 2.76 రెట్లు వెడల్పుండే చిత్రం ఇది. చిన్న తెరపై సన్నని రిబ్బను ముక్కలా మిగిలిపోతుంది, రథాలు చీమల బారులా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న అతి పెద్ద టీవీలో, దీపాలార్పి చూడండి. మొదట్లో మైకలాంజిలో చిత్రం మీద కొన్ని నిమిషాలపాటు సంగీతం ఒక్కటే వినిపిస్తుంది. టీవీ చెడిపోయిందనుకుని రిమోట్ అందుకోకండి, చిత్రం అప్పటికే మొదలైంది.