గోల్డెన్‌ఐ 007: ఎక్స్‌బాక్స్‌లో ఆడాలా, స్విచ్‌లో ఆడాలా?

2023 జనవరిలో, జేమ్స్ బాండ్‌గా తుపాకీతో ఆడే పాత షూటర్ గేమ్ గోల్డెన్‌ఐ 007 ఎక్స్‌బాక్స్‌కీ, నింటెండో స్విచ్‌కీ ఒకే రోజు వచ్చింది. అప్పటి నుంచి చాలామంది నన్ను అడిగేది ఒకటే: రెండూ ఉన్నవాళ్లు ఎందులో ఆడాలి? గేమ్ అదే, లెవెల్స్ అవే. తేడా అంతా కంట్రోల్స్‌లో ఉంది. నా మటుకు తేల్చేది అదే.

1997లో రేర్ అనే సంస్థ ఈ గేమ్‌ని నింటెండో 64 అనే మెషీన్ కోసం తయారుచేసింది. ఆ మెషీన్ కంట్రోలర్‌కి స్టిక్ ఒక్కటే. నడవడానికీ తిరగడానికీ అదే. పక్కలకి జరగాలంటే పసుపు రంగు సీ బటన్లు. సరిగ్గా గురి పెట్టాలంటే ఆగి, ఆర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఈ గేమ్‌లో ఆ గురికి చాలా విలువుంది. గార్డుకి కాల్లో తగిలితే ఒకలా, చేతిలో తగిలితే మరోలా విలవిల్లాడతాడు. టోపీకి తగిలితే టోపీ మాత్రమే ఎగిరిపోతుంది. అప్పట్లో ఇలాంటిది చూడటమే కొత్త.

ఎక్స్‌బాక్స్‌లో ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు. ఇప్పటి షూటర్లకి అలవాటుపడిన చెయ్యి ఏమీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఫెసిలిటీ లెవెల్‌నే తీసుకోండి. గాలి గొట్టంలోంచి టాయిలెట్‌లోకి దిగీ దిగగానే సైలెన్సర్ పిస్టల్‌తో ఒక్కొక్కణ్ణీ చప్పుడు కాకుండా పడగొట్టుకుంటూ పోవాలి. తలుపు తీసిన క్షణంలోనే పక్కకి జరుగుతూ గురి పెట్టగలగడం ఇక్కడ ప్రాణం. పైగా, పాత మెషీన్‌లో నాలుగు పేలుళ్లు పడితే చాలు, బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఎక్స్‌బాక్స్‌లో అలాంటి ఇబ్బంది లేదు, 4కే టీవీలో అక్షరాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

స్విచ్‌లో ఉన్నది పాత గేమే, ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) నడుస్తుంది. అందుకే పాత కంట్రోల్సే వచ్చాయి: ఎడమ స్టిక్ నడిపిస్తూ తిప్పుతుంది, కుడి స్టిక్ సీ బటన్ల పని చేస్తుంది. మొదటి పది నిమిషాలు గోడలకి గుద్దుకోవడమే. దీనికో దారి ఉంది. గేమ్ మెనూలో 1.2 సాలిటైర్ అనే కంట్రోల్ స్టైల్ ఎంచుకుని, ఆ తర్వాత స్విచ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండు స్టిక్కులనీ తారుమారు చేయాలి. అప్పుడు ఇప్పటి షూటర్ల దారికి వస్తుంది. కానీ వేరే గేమ్ పెట్టినప్పుడు మళ్లీ మామూలుకి మార్చుకోవాలి. ఆ పని నాకు విసుగు.

మరి స్విచ్ ఎవరికి? దూరంగా ఉన్న స్నేహితులతో ఆడాలనుకునేవాళ్లకి. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అందులోనే ఉంది. ఎక్స్‌బాక్స్‌లో నలుగురూ ఒకే గదిలో, ఒకే టీవీ ముందు కూర్చోవాల్సిందే. అయితే స్విచ్‌లో ఆన్‌లైన్‌లో ఆడినా తెర నాలుగు ముక్కలుగానే ఉంటుంది, ఎవరు ఎక్కడ నక్కారో అందరికీ కనిపిస్తుంది. ఎక్కడ ఆడినా సరే, ఆడ్‌జాబ్ అనే పాత్రని ఎవరూ తీసుకోకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. పొట్టివాడు కావడంతో మామూలు ఎత్తులో పెట్టిన గురి వాడి తల మీదుగా పోతుంది.

2010లో నింటెండో వీ (Wii) మెషీన్ కోసం యూరోకామ్ సంస్థ చేసిన గోల్డెన్‌ఐ గురించి కూడా అడుగుతుంటారు. పేరు అదే గానీ, బాండ్‌గా పియర్స్ బ్రాస్నన్ స్థానంలో డేనియల్ క్రెయిగ్‌ని పెట్టి కొత్తగా చేసిన గేమ్ అది. బాగానే ఉంటుంది, కానీ ఈ పోటీలోది కాదు. అసలు నింటెండో 64, కార్ట్రిడ్జ్ ఇంట్లో ఉంటే సంతోషం. దీని కోసమని కొనక్కర్లేదు.

ఒంటరిగా మిషన్లు పూర్తిచేయాలనుకునేవాళ్లకి నేను ఎక్స్‌బాక్సే చెబుతాను. రెండు స్టిక్కులతో అన్నిటికంటే తేలికైన ఏజెంట్ స్థాయి మరీ తేలికైపోతుంది కాబట్టి ఆటో ఎయిమ్ (గురి దానంతటదే కుదిరే సాయం) ఆపేసి, దాని పై స్థాయి సీక్రెట్ ఏజెంట్‌తో మొదలుపెట్టండి. స్థాయి పెరిగేకొద్దీ శత్రువులు గట్టిపడటమే కాదు, చేయాల్సిన పనులూ పెరుగుతాయి. చెయ్యి కుదిరాక ఫెసిలిటీని ఆ పై స్థాయి 00 ఏజెంట్‌లో 2 నిమిషాల 5 సెకన్లలోపు పూర్తిచేయడానికి ప్రయత్నించండి. గెలిస్తే ఏ దెబ్బా తగలని చీట్ దొరుకుతుంది. ఆ లెవెల్‌లో కలవాల్సిన శాస్త్రవేత్త డాక్టర్ డోక్ ప్రతిసారీ ఒకేచోట ఉండడు కాబట్టి, అతను దగ్గర్లో కనిపించకపోతే వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే రీస్టార్ట్ కొట్టండి.