డీఎన్‌పీయా, పీహెచ్‌డీయా?

నర్సింగ్‌లో డాక్టరేట్ అంటే మన దగ్గర పీహెచ్‌డీయే. డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) అమెరికా చదువు. బీఎస్సీ తర్వాత 1000 గంటల ప్రాక్టీసు చూపాలని చాలా కోర్సులు అడుగుతాయి.

తేడా కోనసీమ పాముకాటు కేసుల్లో బాగా తెలుస్తుంది. విషం ఎక్కిందో లేదో చూసే రక్తం గడ్డకట్టే పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకూడదు. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగినా రక్తం గడ్డకట్టకపోవచ్చు. విషం ఎక్కనివాళ్లకీ ఎక్కినట్టే కనిపిస్తుంది. ఈ తప్పు ఏ షిఫ్టులో, ఎందుకు జరుగుతోందో పట్టుకుని, సరైన ట్యూబులు విడిగా పెట్టించి, ముందూ తర్వాతా లెక్క తీస్తే అది డీఎన్‌పీ ప్రాజెక్టు. కూలీలు ఆస్పత్రికి ఆలస్యంగా ఎందుకొస్తున్నారో కొత్తగా పరిశోధించి థీసిస్ రాస్తే పీహెచ్‌డీ.

వార్డు వదలలేనివాళ్లకు డీఎన్‌పీయే నప్పుతుంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో పాఠాలు చెప్పాలనుకుంటే మాత్రం పీహెచ్‌డీయే చెయ్యండి. విదేశీ ఆన్‌లైన్ కోర్సుకు ఫీజు కట్టేముందు, ఇక్కడి ఆస్పత్రిలో చేసిన గంటలు లెక్కలోకి తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడగండి.