సీ ప్లస్‌ప్లస్ ర్యాండమ్ లైబ్రరీలో సీడ్ వ్యవహారం: దీర్ఘకాలం వాడాక ఒక సమీక్ష

2011 ప్రమాణంతో సీ ప్లస్‌ప్లస్‌లోకి వచ్చిన ర్యాండమ్ లైబ్రరీని (యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే సరంజామాను) నేను ఏళ్ల తరబడి సిమ్యులేషన్ ప్రోగ్రాముల్లో, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా వాడుతున్నాను. ఎక్కడ నడిపినా ఒకే కోడ్‌తో రెండు పనులు జరగాలన్నది నా అవసరం: అడిగినప్పుడు కొత్త వరుస పుట్టాలి, పాత సీడ్ (వరుసను మొదలుపెట్టే సంఖ్య) ఇస్తే పాత వరుస ఒక్క అంకె కూడా మారకుండా తిరిగి రావాలి. రెండో పనిని ఈ లైబ్రరీ సగం దాకా అద్భుతంగా చేస్తుంది. మొదటిదాన్ని మాత్రం చాలావరకు కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) తయారుచేసినవారి దయకు వదిలేసింది.

మెచ్చుకోవలసినది ఇంజన్ల గురించి, అంటే సీడ్ నుంచి సంఖ్యల వరుసను లెక్కగట్టే భాగాల గురించి. మత్సుమోతో, నిషిమురా 1998లో ప్రచురించిన మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి ఇందులో ఎంటీ19937 పేరుతో ఉంది. సీడ్ ఏదీ ఇవ్వకపోతే అది 5489తో మొదలవుతుందనీ, అప్పుడు 10,000వ సంఖ్య 4123659995 కావాలనీ ప్రమాణమే శాసించింది. కొత్త కంపైలర్ చేతికి వచ్చిన ప్రతిసారీ నేను మొదట చూసేది ఈ సంఖ్యనే, ఇంతవరకూ ఎక్కడా తేడా కనిపించలేదు. ఏ పద్ధతిలో సంఖ్యలు పుట్టించాలో ప్రమాణం చెప్పని పాత ర్యాండ్ ఫంక్షన్‌తో ఇలాంటి భరోసా ఊహించలేము.

అయితే ఆ భరోసా ఇంజన్ గడప దాటదు. ఇంజన్ ఇచ్చిన సంఖ్యను ఒకటి నుంచి ఆరు మధ్యకు తెచ్చే డిస్ట్రిబ్యూషన్లు ఫలితం ఎలా పంపిణీ కావాలో చెబుతాయి గానీ, ఏ పద్ధతిలో తేవాలో ప్రమాణం నిర్దేశించలేదు కనుక, ఒకే సీడ్‌తో లినక్స్‌లో వచ్చిన పాచికల వరుస విండోస్‌లో రాకపోవచ్చు. షఫుల్ ఫంక్షన్‌దీ ఇదే కథ. అందుకే నేను డిస్ట్రిబ్యూషన్లను పూర్తిగా పక్కనపెట్టి ఆ చిన్న పనిని చేత్తోనే రాసుకున్నాను. ఇంజన్ ఇవ్వగల విలువలు మొత్తం 4294967296, దాన్ని ఆరుతో భాగిస్తే శేషం 4 కాబట్టి, ఇంజన్ ఇవ్వగల అతి పెద్ద నాలుగు విలువల్లో ఏది వచ్చినా దాన్ని పారేసి మళ్లీ అడగాలి, మిగిలినవాటికి ఆరుతో శేషం తీసి ఒకటి కలపాలి. పది పంక్తులు మించని ఈ కోడ్‌తో అన్ని వేదికల మీదా వరుసలు సరిపోయాయి.

ఇక కొత్త సీడ్ ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు తలనొప్పి. గడియారం చూసి సెకన్ల లెక్కను సీడ్‌గా ఇచ్చే పాత అలవాటులో, ఒకే సెకనులో మొదలైన రెండు ప్రోగ్రాములు ఒకే వరుసను నడిపిస్తాయి. దానికి విరుగుడుగా వచ్చిన ర్యాండమ్ డివైస్ (ఊహించలేని సంఖ్యలు తెచ్చే భాగం) నిజమైన అనిశ్చితిని ఇవ్వలేని చోట మామూలు జెనరేటర్‌గా పనిచేసినా ప్రమాణం ఒప్పుకుంటుంది. జీసీసీ కంపైలర్‌కు విండోస్ రూపమైన మింగ్‌డబ్ల్యూలో జీసీసీ 9.2 కంటే ముందు అది నడిపిన ప్రతిసారీ అవే సంఖ్యలు ఇచ్చేది. ఇది పసిగట్టడానికి, అనిశ్చితి ఎంతో చెప్పే ఎంట్రపీ అనే ఫంక్షన్ ఉన్నది గానీ, బాగా పనిచేసే చోట కూడా సున్నా చెప్పిన లైబ్రరీలు ఉన్నందున దాని మాట నమ్మడానికి లేదు. పైగా సంఖ్య తేలేకపోతే ర్యాండమ్ డివైస్ ఎక్సెప్షన్ (లోపపు సంకేతం) విసురుతుంది, దాన్ని పట్టుకునే ఏర్పాటు తప్పనిసరి.

అది సరిగ్గా పనిచేసినా, దాని నుంచి ఒక్క 32 బిట్ల సంఖ్య తీసుకుని ఇంజన్‌కు ఇవ్వడం చాలదు. 624 పదాల (32 బిట్ల సంఖ్యల) స్థితి ఉన్న ఇంజన్‌కు ఆ దారిన దొరికే ఆరంభాలు సుమారు 429 కోట్లే. దాదాపు 77 వేల సార్లు నడిపితే ఏవో రెండు సార్లు ఒకే సీడ్ పడే అవకాశం సగానికి సగం. పెద్ద సిమ్యులేషన్లకు ఇది ఏ మాత్రం దూరం కాదు.

అనేక సంఖ్యలను కలిపి ఇంజన్ ఆరంభ స్థితిని తయారుచేసే సీడ్ సీక్వెన్స్ దీనికి మందు. దాని లోపలి లెక్కను ప్రమాణం పూర్తిగా నిర్దేశించింది కనుక, అవే పదాలు ఇస్తే ఏ కంపైలర్‌లోనైనా ఇంజన్ అదే స్థితికి చేరుతుంది. నేను ర్యాండమ్ డివైస్ నుంచి ఎనిమిది పదాలు తీసుకుని, గడియారపు విలువను వాటికి జోడించి, మొత్తాన్ని లాగ్ ఫైలులో రాసిన తర్వాతే ఇంజన్‌కు అందిస్తాను. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది: 64 బిట్ల గడియారపు విలువను నేరుగా ఇస్తే పై సగాన్ని అది చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది, కాబట్టి దాన్ని రెండు ముక్కలు చేసి ఇవ్వాలి. సీడ్ సీక్వెన్స్ ఆబ్జెక్టును కాపీ చేయనివ్వరు, అక్కడికక్కడే సృష్టించి ఇంజన్‌కు పంపనివ్వరు, ముందు దానికి పేరు పెట్టి తీరాలి; ఈ పట్టుదల ఎవరికి మేలో నాకు నేటికీ అంతుపట్టలేదు.

ఐదులో ఇంజన్లకు ఐదు, సీడ్ సీక్వెన్స్‌కు మూడున్నర, ర్యాండమ్ డివైస్‌కు రెండు వేస్తాను. వేదికలు మారినా ఒకే ఫలితం కావాలనుకునేవారికి డిస్ట్రిబ్యూషన్లను సిఫారసు చేయను. పాస్‌వర్డులూ రహస్య తాళాలూ పుట్టించడానికైతే మెర్సెన్ ట్విస్టర్ అసలే పనికిరాదు, ఎందుకంటే వరుసగా 624 సంఖ్యలు చూసినవాడు తర్వాత రాబోయేవన్నీ లెక్కగట్టగలడు.