విండోస్ సర్వర్ 2012 ఆర్2ని ఏళ్ల తరబడి డొమైన్ కంట్రోలర్ (డీసీ)గా వాడి, తీసేశాక

చీమకుర్తిలో క్వారీ, ఒంగోలులో ఆఫీసు ఉన్న గ్రానైట్ కంపెనీలో సిస్టమ్స్ చూస్తాను. ఆఫీసు లాగిన్లు, గ్రూప్ పాలసీలు (పీసీలన్నిటికీ ఒకేచోటి నుంచి పెట్టే సెట్టింగులు), డీఎన్‌ఎస్ (పేరును బట్టి ఐపీ అడ్రస్ చెప్పేది), డీహెచ్‌సీపీ (పీసీలకు ఐపీ అడ్రస్‌లు పంచేది) అన్నీ ఒక్క సర్వర్ 2012 ఆర్2 మీదే నడిచేవి. ఎండాకాలంలో ఏసీ పోయినా మొరాయించని పెట్టె అది, పనితనంలో వంక పెట్టలేను. కానీ 2023 అక్టోబర్ 10తో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది. డబ్బు కడితే ఇంకో మూడేళ్లు, అంటే 2026 అక్టోబర్ దాకా, ప్యాచ్‌లు ఇస్తామన్నారు. ఆ డబ్బేదో కొత్తదాని మీద పెట్టడమే నయమనుకుని సర్వర్ 2022 తెచ్చాం.

మొదటి అడ్డంకి అక్కడే. మా డొమైన్ (ఆఫీసు పీసీలు, యూజర్లు అన్నీ ఒకే అదుపులో ఉండే గుంపు) సర్వర్ 2003 కాలంలో పుట్టింది. సిస్‌వాల్ (డీసీలు పాలసీ ఫైళ్లు పంచుకునే ఫోల్డర్) ఇంకా పాత కాపీ పద్ధతి ఎఫ్‌ఆర్‌ఎస్ మీదే ఉంది, 2022 దాన్ని ఒప్పుకోదు. డీఎఫ్‌ఎస్‌ఆర్‌మిగ్ కమాండ్‌తో కొత్త పద్ధతి డీఎఫ్‌ఎస్‌ఆర్‌కు 1, 2, 3 దశలుగా మార్చాలి. మూడో దశలోకి వెళ్తే వెనక్కి రావడం ఉండదు కాబట్టి అక్కడ మాత్రం తొందరపడకూడదు. ఐదు ఎఫ్‌ఎస్‌ఎంఓ రోల్స్ (ఒక్కో పనికి ఒక్క డీసీకే ఉండే ప్రత్యేక బాధ్యతలు) కొత్తదానికి మార్చడం పవర్‌షెల్‌లో ఒక్క లైను పని. వాటిలో టైమ్ చూసుకునే పీడీసీ ఎమ్యులేటర్ రోల్ మారాక కొత్తదానికి బయటి టైమ్ సర్వర్ చూపించాలి. గడియారాల్లో ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే లాగిన్ సరిచూసే కెర్బరోస్ లోపలికి రానివ్వదు.

అసలు టెన్షన్ డీఎన్‌ఎస్‌తో. డీహెచ్‌సీపీ కొత్తదానికి మార్చి, అందులో డీఎన్‌ఎస్ అడ్రస్ సరిచేస్తే మామూలు పీసీలు వాటంతటవే సర్దుకుంటాయి. చేత్తో ఐపీ కొట్టినవి కదలవు. పాత సర్వర్‌లో డీఎన్‌ఎస్ డీబగ్ లాగింగ్ ఆన్ చేస్తే ఇంకా ఎవరు దాన్నే అడుగుతున్నారో తెలిసిపోతుంది. మా దగ్గర జెరాక్స్ మెషిన్, బయోమెట్రిక్, సీసీ కెమెరాల ఎన్‌వీఆర్ (రికార్డర్) దొరికాయి.

ఆ తర్వాత కూడా పాత సర్వర్‌ను వెంటనే డిమోట్ చేయకుండా (డీసీ హోదా తీసేయకుండా) వారం పది రోజులు ఊరికే ఆపి ఉంచాం. ఇది మాత్రం ఎవరికైనా గట్టిగా చెబుతాను. లాగ్ చూసిన రోజుల్లో వానలకు క్వారీ మూసి ఉంది, కాటా గదిలో పీసీ ఆన్ చేయనే లేదు. తెరిచిన రోజు పొద్దున్నే ఫోన్: "అన్నా, లారీ కాటా మీదే ఉంది, బిల్లు రావట్లా. లాగిన్ బానే అయింది మరి!" విండోస్ పాత లాగిన్‌ను దాచుకుంటుంది కాబట్టి డీసీ అందకపోయినా లోపలికి పోనిస్తుంది, చూసేవాళ్లకు నెట్‌వర్క్ బాగున్నట్టే ఉంటుంది. ఐపీకాన్ఫిగ్ ఆల్ కొట్టించి డీఎన్‌ఎస్ లైను చదవమంటే పాత ఐపీ చదివాడు. సాఫ్ట్‌వేర్ వేసిన కుర్రాడెవరో ఎప్పుడో కొట్టిపోయింది. పాత సర్వర్ మళ్లీ ఆన్ చేస్తే లారీ కదిలింది. కాటా పీసీలో అడ్రస్ తర్వాత తీరిగ్గా మార్చాం. అదే డిమోట్ చేసేసి ఉంటే?

డిమోట్ చేసే విజార్డ్ బాగుంది, డీఎన్‌ఎస్ లాంటి రోల్స్ ఇంకా ఉంటే హెచ్చరిస్తుంది. 'డొమైన్‌లో ఇదే చివరి కంట్రోలర్' అన్న గడిలో టిక్ పెట్టకూడదు, అంతే. ఆ సర్వర్‌ను ఇంకా ఎవరు వాడుతున్నారో మాత్రం ఒక్క ముక్క చెప్పదు, నా ఫిర్యాదల్లా అదే. పని ముగిశాక సైట్స్ అండ్ సర్వీసెస్‌లో పాత సర్వర్ పేరు, డీఎన్‌ఎస్ జోన్లలో దాని నేమ్ సర్వర్ రికార్డు మిగిలాయేమో చూసి తీసేయండి. రెప్‌అడ్మిన్ కమాండ్ ఇచ్చే రిప్లికేషన్ (డీసీల మధ్య కాపీ) రిపోర్టులో ఆ పేరు కనిపించకపోతే డిస్కులు తుడిచి పెట్టెను స్టోర్‌కు పంపేయొచ్చు.