మాల్‌లో జారిపడితే పరిహారం: జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ-జాగృతి ఎంతవరకు పనికొస్తాయి?

దుకాణం, హోటల్, సినిమా హాలు, జిమ్ము, ఏదైనా కావచ్చు. డబ్బు కట్టి వెళ్లిన చోట తడి నేల మీద జారో, ఊడిన మెట్టు వల్లో, లిఫ్టు కుదుపుకో ఎముక విరిగితే పరిహారం అడగడానికి ఉన్న దారుల్లో చవకైనది జిల్లా వినియోగదారుల కమిషన్. పాత అలవాటు కొద్దీ చాలామంది ఇంకా ‘వినియోగదారుల ఫోరం’ అనే అంటారు. 2025 జనవరి 1న వచ్చిన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు ఇంటి నుంచే వేయొచ్చు. గాయాల కేసుల్లో ఈ సేవకు ఫీజు విషయంలో మంచి మార్కులు వేయాలి, వేగంలో అత్తెసరు మార్కులే. గెలుపోటములు మాత్రం ప్రమాదం జరిగిన మొదటి వారంలో చేతికి వచ్చిన కాగితాల మీదే ఆధారపడతాయి.

ముందు ఫీజు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫీజును, ఏ కమిషన్‌కు వెళ్లాలన్నదాన్ని తేల్చేది మీరు అడిగే పరిహారం కాదు, ఆ వస్తువుకో సేవకో చెల్లించిన సొమ్ము. చెల్లించింది రూ.5 లక్షల లోపైతే ఫీజు సున్నా, రూ.50 లక్షల వరకు జిల్లా కమిషనే. అంటే రూ.600 బిల్లు కట్టిన హోటల్‌లో కాలు విరిగి రూ.10 లక్షలు అడిగినా పైసా ఫీజు లేదు. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే మొత్తానికి సివిల్ కోర్టులో దావా వేస్తే కోర్టు ఫీజే వేలల్లోకి పోతుంది. పైగా ఫిర్యాది నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్ మాల్‌లో పడ్డ కరీంనగర్ మనిషి కరీంనగర్‌లోనే వేసుకోవచ్చు. గడువు ఘటన జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు. దాటితే ఆలస్యానికి కారణం చూపుతూ విడిగా దరఖాస్తు పెట్టాలి.

చాలా కేసులు తట్టుకుని ఆగేది ‘మీరు మా వినియోగదారుడే కాదు’ అన్న వాదన దగ్గర. బిల్లు కట్టినవారే కాదు, వారి అనుమతితో ఆ సేవ పొందినవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. కాబట్టి భర్త బిల్లు కట్టినా, గాయపడ్డ భార్యో బిడ్డో ఫిర్యాదు చేయొచ్చు. ఏమీ కొనకుండా చూసి పోదామని వెళ్లినవారి సంగతి మాత్రం కష్టం. బిల్లు, పార్కింగ్ చీటీ, సినిమా టికెట్, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్, ఇలా ఏదో ఒకటి ఉండి తీరాలి.

ఇక సాక్ష్యం. సీసీటీవీ రికార్డు డీవీఆర్‌లో (ఫుటేజీ దాచే పెట్టెలో) ఎక్కువ కాలం ఉండదు. చాలాచోట్ల 15 నుంచి 30 రోజుల్లో పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే అదే రోజు, కుదరకపోతే మర్నాడు, యాజమాన్యానికి ఈమెయిల్ పెట్టాలి. తేదీ, సమయం, అంతస్తు, ఏ కెమెరా వైపు పడ్డారో రాసి, ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచమని అడగాలి. కాపీ వాళ్లు ఇవ్వకపోవచ్చు. అయినా ఆ ఈమెయిల్ ఉంటే, తర్వాత ఫుటేజీని దాఖలు చేయించమని కమిషన్‌కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద దరఖాస్తు పెట్టొచ్చు. అడిగాక కూడా చెరిపేశారంటే అది వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

ఫోటోలు తీసేటప్పుడు గాయాన్ని మాత్రమే తీసి ఊరుకుంటారు. అది చాలదు. నీళ్లు ఎక్కణ్నుంచి కారాయి, ‘తడి నేల’ బోర్డు ఉందా, ఉంటే ఎంత దూరంలో ఉంది, మెట్టు అంచు అరిగిందా, లైటు వెలుగుతోందా, ఇవన్నీ పడాలి. చెప్పుల అడుగు భాగం కూడా తీయండి. ‘అరిగిన చెప్పులతో వచ్చారు, ఫోన్ చూస్తూ నడిచారు’ అన్నది ఎదుటి పక్షం మొట్టమొదట ఎత్తే మాట. అక్కడి సెక్యూరిటీ రిజిస్టర్‌లో ప్రమాదం నమోదు చేయించి ఆ పేజీ ఫోటో తీసుకోవాలి.

ఆస్పత్రిలో ‘దెబ్బ ఎలా తగిలింది’ అన్న చోట ఏం రాశారో చూసుకోవాలి. పోలీసుల బెడద ఎందుకని కొందరు ‘ఇంట్లో పడ్డారు’ అని రాయించుకుంటారు. ఆ ఒక్క ముక్కతో కేసు సగం పోయినట్టే. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) నమోదైతే తర్వాత పోలీసుల ద్వారా వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం) వస్తుంది. కమిషన్‌కు ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి కాదు కానీ, ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్ర గాయమే కాబట్టి నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికో భద్రతకో ముప్పు తేవడాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఒక జాగ్రత్త. మేనేజర్ మంచిమాటలు చెప్పి మొదటి ఆస్పత్రి బిల్లు కట్టి, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడుగుతాడు. డబ్బు తీసుకోవచ్చు. రసీదులో ‘ఫలానా తేదీ బిల్లు మేరకు చికిత్స ఖర్చు మాత్రమే’ అని రాసి సంతకం పెట్టండి. ‘యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న గోడమీద బోర్డుకు బెదరనక్కర్లేదు. వాలే పార్కింగ్‌కు (హోటల్ సిబ్బందే కారు తీసుకెళ్లి నిలిపే సేవకు) ఇచ్చిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు, ‘ఓనర్ రిస్క్’ అని చీటీ మీద అచ్చేసినంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదని చెప్పింది.

1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ రీఫండ్లకు బాగా పనిచేస్తుంది, గాయాలకు కాదు. పరిహారం ఇమ్మని ఆదేశించే అధికారం దానికి లేదు. ఆ సమయం లీగల్ నోటీసు మీద పెట్టడం మేలు. చట్టం నోటీసును తప్పనిసరి చేయలేదు కానీ 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపితే, వచ్చే జవాబులోనే తప్పును ఎవరి మీదకు నెడుతున్నారో బయటపడుతుంది. సాధారణంగా మాల్ వాళ్లు హౌస్‌కీపింగ్ ఏజెన్సీని, ఏజెన్సీ వాళ్లు మాల్‌ను చూపిస్తారు. ఫిర్యాదులో దుకాణం, భవన యజమాని, నిర్వహణ సంస్థ, లిఫ్టయితే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కంపెనీ, అందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ (బయటివారికి జరిగే నష్టానికి యాజమాన్యం తీసుకునే బీమా) ఉందేమో అడిగి, ఉంటే బీమా కంపెనీని కూడా చేర్చాలి.

ఈ-జాగృతిలో ఓటీపీతో ఖాతా తెరిచి, కమిషన్ ఎంచుకుని, ఇండెక్స్, తేదీల పట్టిక, పార్టీల వివరాలు, ఫిర్యాదు, నోటరీ చేసిన అఫిడవిట్, డాక్యుమెంట్లు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా అక్కడినుంచే వేయొచ్చు. స్క్రూటినీలో (కమిషన్ సిబ్బంది చేసే తొలి పరిశీలనలో) వెనక్కి వచ్చేవి ఎక్కువగా చిన్న లోపాలకే: పేజీ నంబర్లు లేకపోవడం, మసకబారిన స్కాన్లు, సంతకం లేని అఫిడవిట్. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం జతచేస్తే ఒక వాయిదా మిగులుతుంది. పోర్టల్‌లో వేసినా కొన్ని కమిషన్లు కాగితం సెట్లు కూడా అడుగుతాయి. ఆన్‌లైన్ సేవకు ఇదో వింత.

ఎంత అడగాలన్న దగ్గర చాలామంది గుండ్రంగా ఓ అంకె వేసేస్తారు. అలా చేస్తే కమిషన్ కూడా గుండ్రంగానే కోస్తుంది. చికిత్స, మందులు, ఫిజియోథెరపీ, రాకపోకలు, తోడు మనిషి ఖర్చు, పోయిన జీతం, ముందుముందు ఎముకకు వేసిన ప్లేటు తీయించే ఆపరేషన్, శాశ్వత వైకల్యం, నొప్పి, ఒక్కోదానికి విడివిడిగా లెక్క, దాని పక్కనే రుజువు ఉండాలి. బీమా కంపెనీ ఒరిజినల్ బిల్లులు తీసుకుంటే సెటిల్‌మెంట్ లేఖ పెట్టండి, దాచకండి. వైకల్య శాతం చికిత్స పూర్తయ్యాకే తేలుతుంది. 20 శాతం వైకల్యం అంటే 20 శాతం సంపాదన పోయినట్టని కాదు. అదే కాలు గుమాస్తాకు ఒకలా, తాపీ మేస్త్రీకి మరొకలా. సంపాదన నష్టాన్ని పనిని బట్టి తూచాలన్న సూత్రాన్ని మోటారు ప్రమాదాల కేసులో 2010లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. వాదనలో దాన్ని వాడుకోవచ్చు.

నోటీసు అందాక ప్రతివాది జవాబుకు 30 రోజులు, ఆపైన మరో 15. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకునే వీలు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కాబట్టి, నోటీసు అందిన తేదీ రాసి పెట్టుకోండి. తీర్పు 3 నెలల్లో, వస్తువుకు ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో రావాలని చట్టం అంటుంది. అది కాగితం మీద మాటే. కమిషన్లలో ఖాళీలు, వాయిదాలు కలిసి ఏళ్లకేళ్లు సాగడం మామూలే.

కొన్నింటికి ఈ దారి అసలు పనికిరాదు. పక్కింటి గోడ కూలితే, నడిచిపోతుండగా నిర్మాణంలో ఉన్న భవనం నుంచి ఇటుక పడితే, అక్కడ మీరు వినియోగదారుడు కాదు. సివిల్ కోర్టే గతి. దావా గడువు సాధారణంగా 3 ఏళ్లు, ప్రభుత్వం మీదైతే ముందు 2 నెలల నోటీసు. ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలిన కేసులో 1966లో సుప్రీంకోర్టు మున్సిపాలిటీనే బాధ్యురాలిని చేసింది. అలాంటి కట్టడం మామూలుగా కూలదు, కూలిందంటే నిర్లక్ష్యమేనన్న తర్కం అక్కడ నిలిచింది. సాక్షులను లోతుగా ప్రశ్నించాల్సిన చిక్కు కేసుల్ని కమిషనే సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. లాయరు ఫీజు భారమైతే మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

గెలిచాక డబ్బు దానంతటదే రాదు. అవతలివారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు, కానీ సగం సొమ్ము జమ చేయాలి. అప్పీలూ వేయక, చెల్లించకా కూర్చుంటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 71 కింద ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు) పిటిషన్, సెక్షన్ 72 కింద శిక్ష పిటిషన్ రెండూ వేయండి. రెండోదాంట్లో నెల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.25 వేలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సమన్లు డైరెక్టర్ల పేర వెళ్లేలా చూసుకోండి, చెక్కు త్వరగా కదిలేది అప్పుడే.